ఎత్తేసిన కమిటీకి ఆలూరు నుంచి అర్జీ

మహారాజరాజశ్రీ ఐట్రిపుల్‌ఈ వారి పోసిక్స్ 1003.1ఈ కమిటీ పెద్దల సముఖానికి,

కర్నూలు జిల్లా ఆలూరు నుంచి నమస్కరించి రాసుకునేది. ఫైలును ఎవరు చదవాలి, ఎవరు దిద్దాలి అనే జాబితాకు యూనిక్స్ యంత్రాలన్నిటా ఒకే పద్ధతి ఉండాలని తమరు 17వ ముసాయిదా దాకా శ్రమించి, 1998లో కాగితాలు మడిచి లేచిపోయారు. ఆ ముసాయిదానే లినక్స్ ఈనాటికీ వాడుకుంటోంది. విండోస్ దారి వేరు. నెట్‌వర్కు మీద ఫైళ్ళు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్ విండోస్ వైపే మొగ్గింది. తమరి విశ్రాంతికి భంగం కలిగిస్తున్నందుకు మన్నించాలి గానీ, సర్వర్ మార్చిన ప్రతిసారీ మా పాట్లు చూస్తున్నారా? ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్‌కు మైనస్ ఏ ఇస్తే యజమాని, గ్రూపు, చదవడం, రాయడం, నడపడం అనే తొమ్మిది అనుమతి బిట్లు మాత్రం వస్తాయి. పేరుపేరునా ఇచ్చిన అనుమతులు కావాలంటే పెద్ద ఏ, పెద్ద ఎక్స్ విడిగా అడగాలట! మామూలు కాపీ ఆదేశం సీపీ ఇంకా ఘనం. అదే మైనస్ ఏ ఇచ్చినప్పుడు ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్లు కాపీ కాకపోయినా నోరెత్తనని దాని మాన్యువల్‌లోనే రాసిపెట్టారు. లినక్స్ సర్వర్ ఫైళ్ళను విండోస్ యంత్రాలకు అందించే సాంబా, విండోస్ అనుమతులను దాచుకునేది సరిగ్గా అక్కడే. ఎర్రర్ ఒక్కటీ రాదు. జీతాల ఫోల్డరు రేపు ఎవరికి తెరుచుకుంటుందో దేవుడికెరుక. ఇదేం పద్ధతయ్యా?

అసలు రోగం అంకెల్లో ఉంది. యూనిక్స్ డిస్కు మీద యజమాని పేరుండదు, అంకె ఉంటుంది. ఉబుంటూలో మొదట తెరిచిన ఖాతా 1000. ఆ డిస్కు పీకి పక్క యంత్రానికి తగిలిస్తే, అక్కడ 1000 ఎవరైతే వారే యజమాని! మా ఊరి సంగతే చూడండి. 1953 అక్టోబరు 1న ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాను వదిలి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. జిల్లా మారింది కదా అని, అదే సర్వే నంబరున్న ఇంకో ఊరి రైతుకు ఇక్కడి చేను రాసివ్వలేదు. దీనికి కొందరు, అందరి ఖాతాలనూ ఎల్‌డాప్ అనే ఒక్క పట్టీలోకి తెస్తే సరిపోతుందంటారు. ఆఫీసు నాలుగు గోడల మధ్య నిజమే, బ్యాకప్ డిస్కు ఊరు దాటితే? ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో అనుమతులు రాసుకోను చోటే లేదంటారు. టార్ కట్ట కట్టి పెట్టండి, 1988 నాటి పోసిక్స్ రూపంలోనే టార్ అంకెతోపాటు పేరునూ రాసుకుంటోంది. ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగులోనూ పేరూ డొమైనూ కలిపి పంపే ఏర్పాటు ఉంది. అంటే చేతకాక కాదు, పట్టక. ఇక విండోస్ హక్కులు అన్నేసి రకాలు, యూనిక్స్‌వి మూడే, అవి ఎట్లా అతుకుతాయన్నది చివరి అభ్యంతరం. ఇందులో న్యాయముంది. అతకమని ఎవరడిగారు? నేనడిగేది అతకనిది ఏదో చెప్పమని మాత్రమే. అందరికీ అన్నీ తెరిచే చిమోడ్ 777 కొట్టి పొమ్మనే మహానుభావులకైతే జవాబే అనవసరం.

కమిటీ మళ్ళీ కూర్చోకపోయినా ఫర్వాలేదు. వేళాకోళం కూడా మానేస్తున్నాను. కాపీ అయ్యాక, ఫలానా ఫైలు మీద ఫలానా వారి హక్కు ఎక్కలేదని ఒక్క వరుస వచ్చేట్టు చూడండి. తక్కినది మేం చేత్తో దిద్దుకుంటాం. దయచేసి ఆ ఒక్క వరుస.

ఇట్లు,
ఆలూరు వాసి