నిమిషానికి మూడొందలు

మాది తిరుత్తణి. ముత్తుస్వామి దీక్షితుల మొదటి కీర్తన పుట్టింది మా కొండమీదే. మాయామాళవగౌళ, ఆది తాళం. ఆ కొండ కింద పుట్టాను కాబట్టి తాళజ్ఞానం నాకు వారసత్వంగా వచ్చేసిందని గట్టిగా నమ్మేవాణ్ని. దీక్షితులవారి నోట్లో సుబ్రహ్మణ్యస్వామి కలకండ పెట్టాడంటారు. నా నోట్లో ఎవరూ ఏమీ పెట్టలేదు, అయినా అది ఊరుకునేది కాదు.

1960లో మా తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది గానీ, మా ఇళ్లల్లోంచి తెలుగు పోలేదు. అందుకే ఆడికృత్తికకి స్వామిమీద ఒక తెలుగు పాట రికార్డు చేద్దామన్నారు మావాళ్లు. స్టూడియో తిరువళ్లూరులో. పంబకి ఒక పెద్దాయన, డ్రమ్స్‌కి నేను. కావడిపాట గనుక తిశ్ర నడక, అంటే దెబ్బకి ‘తకిట’ అని మూడు ముక్కలు. మా ఊళ్లో నడక నేర్చే పిల్లాడికి కూడా అది కాళ్లలో ఉంటుంది. నాకూ కాళ్లలోనే ఉంది. నోట్లో మాత్రం సింకోపేషన్, ఘోస్ట్ నోట్, పాలీరిథమ్ ఉన్నాయి. రైల్లో దారిపొడుగునా వాటిమీద పెద్దాయనకి ఉపన్యాసం దంచాను. ఆయన పంబ మీద చెయ్యేసుకుని, “అట్లనా నాయనా” అంటూ కునుకు తీశాడు.

స్టూడియో కుర్రాడు అడిగాడు: “అన్నా, బీపీఎం ఎంత పెట్టమంటారు?”

నిమిషానికి ఎన్ని దెబ్బలో చెబితే కంప్యూటర్ ఆ లెక్కన చెవిలో క్లిక్ కొడుతుంది. పాట వంద దెబ్బలది. నేను ప్రతి తకిటలోనూ మూడు ముక్కలూ లెక్కేసి, “మూడొందలు” అన్నాను. ఎంత ఎక్కువైతే అంత గొప్పని కూడా లోపల ఓ మూల ఉందనుకోండి. పాతకాలం కీ ఇచ్చే మెట్రోనోము 208 దగ్గరే చేతులెత్తేస్తుంది. కుర్రాడు నా మొహంలోకి చూసి, “మూడొందలా అన్నా?” అన్నాడు. “తెలీదు” అనడానికి మూడే అక్షరాలు, అదీ తకిటే. అది మాత్రం నోట రాదు. మీకైనా వచ్చేదా?

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. రేకుల షెడ్డు మీద వడగళ్ల వాన! ఏ టిక్కు నాదో తెలియదు, ఆపమంటే పరువు పోతుంది, కాలు ఒక టిక్కుకి పడుతోంది, చెయ్యి ఇంకో టిక్కుకి, గాయకుడు ఇంకా పల్లవిలోనే ఉన్నాడు, నేను చరణం దాటేశాను, పెద్దాయన హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేశాడు.

“కాలు మోపిందాన్ని లెక్కబెట్టాల నాయనా, మువ్వ మోగిందాన్ని గాదు,” అన్నాడు. క్లిక్ వందకి దిగింది. పాట నడిచింది.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? “రెండో చరణం చివర కాస్త జారింది, అక్కడ పంచ్ చేద్దామన్నా” అన్నాడు కుర్రాడు. పాడైన ముక్కవరకే మళ్లీ వాయించి అతికించడమట అది. నాకేం తెలుసు? “ఓ, దానికేం!” అని, సరిగ్గా ఆ చోటు రాగానే స్నేర్ మీద ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఒక్కటిచ్చాను. అద్దం అవతల కుర్రాడు హెడ్‌ఫోన్ పీకేసి కుర్చీలోంచి లేచిపోయాడు.

గాయకుడికి ఎందుకో నచ్చి ఆ దెబ్బని పాటలో ఉంచేయమన్నాడు. పోయిన కృత్తికకి కొండ దగ్గర మైకులో అది వినపడ్డప్పుడల్లా పక్కవాణ్ని మోచేత్తో పొడిచి, “ఆ ఐడియా నాదే” అని చెప్పాను.