ఫిట్ అట!

కాగితం ప్రకారం నా హీరో హోండా స్ప్లెండర్ ఇంకో ఐదేళ్ళపాటు రోడ్డు మీద తిరగడానికి అన్ని విధాలా యోగ్యమైనది. ఆ ముద్ర పడ్డ వారంలోనే, కోంటాలో పెద్దమ్మ కూతురింటికి వెళ్తూ బస్తర్‌లోని దర్భా ఘాటీ కొండదారిలో వెనక బ్రేకు మీద కాలేశాను. పెడల్ మర్యాదగా కిందికి పోయింది. బండి మాత్రం ఆగలేదు. ముందు బ్రేకు, రెండో గేరు, మా ఇలవేల్పు, ముగ్గురూ కలిసి ఎలాగో ఆపారు. అప్పట్నుంచి అన్నం ముందు కూర్చున్నా అదే గొణుగుడు: ఇంతకీ వాళ్ళు పరీక్ష చేసింది దేన్ని?

బండి 2005ది. పదిహేనేళ్ళు నిండాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలని చట్టం. 2025 ఆగస్టు నుంచి, ఇరవై దాటిన మోటార్ సైకిల్‌కి ఫీజు రెండు వేలు చేశారు. ముసలితనానికి రాయితీ ఇవ్వకపోతే మానె, జరిమానా ఏమిటి? ఆ హీరో, హోండా కంపెనీలు 2010లోనే విడిపోదామనుకున్నాయి. నా ట్యాంకు మీద మాత్రం ఇద్దరి పేర్లూ పాత పెళ్ళి ఫోటోలోలా ఇంకా పక్కపక్కనే ఉన్నాయి.

పరీక్ష ఎక్కడ చేయించానో చెప్పను. ఐదేళ్ళకి మళ్ళీ వాళ్ళ గడపే తొక్కాలి. ముందు ఛాసిస్ నంబరు. హ్యాండిల్ మెడ దగ్గర ఇరవయ్యేళ్ళ మడ్డి గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పెన్సిల్ రుద్ది, సెలోటేపుతో అచ్చు ఎత్తి ఫారం మీద అంటించారు. అందులో ఒక అంకె మూడా, ఎనిమిదా అని ఎండలో పెద్ద చర్చ. తర్వాత నంబరు ప్లేటు, ఇండికేటర్లు, అద్దాలు. ఆ ఆవరణలో ఉన్న బళ్ళన్నిటికీ కలిపి అద్దాల జత ఒక్కటే. ఒక బండి పాసవగానే విప్పి పక్క బండికి బిగిస్తున్నారు. ఆ అద్దాలు చూసినన్ని పరీక్షలు ఐఏఎస్‌కి చదివేవాడు కూడా చూసి ఉండడు. హారన్ దగ్గర మాత్రం నిక్కచ్చిగా ఉన్నారు. ఒకసారి కొడితే చాలదని మళ్ళీ కొట్టించారు. ఇక బ్రేకు సంగతి. “బ్రేకు పడుతుందా?” అని నన్నే అడిగారు. “పడుతుందండీ” అన్నాను. రాసుకున్నారు.

అంకెలతో తేలేది పొగ పరీక్ష ఒక్కటే. 2005 నాటి నా ఫోర్ స్ట్రోక్ బండికి కార్బన్ మోనాక్సైడ్ మూడున్నర శాతం, హైడ్రోకార్బన్లు 4500 పీపీఎం దాటకూడదు. అదీ బండి నిలబడి ఉన్నప్పుడు. నిలబడ్డ బండి ఎవరికి చెడు చేసింది? ఘాటీ ఎక్కేటప్పుడు కదా దాని అసలు బుద్ధి బయటపడేది.

రోడ్డు యోగ్యత అంటే గుర్తొచ్చింది. జగ్దల్‌పూర్‌లో ఏటా దసరాకి ఒక వాహనం రోడ్డెక్కుతుంది. దానికి ఏ ఇన్‌స్పెక్టరూ ఛాసిస్ నంబరు అడగడు. మన ఓరుగల్లు నుంచి వచ్చి బస్తర్‌ని ఏలిన అన్నమదేవుడి వంశంలో పురుషోత్తమదేవుడు పూరీ వెళ్ళి ‘రథపతి’ బిరుదుతో తిరిగొచ్చాడట. ఆ బిరుదు తెచ్చిన రథమే ఇది. మూలం కాకతీయులది కనక దాని యోగ్యత సంగతి అడిగే హక్కు నాకూ కాస్త ఉందనుకుంటాను. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ళ వాళ్ళు వచ్చి, సాల దుంగల్ని గొడ్డళ్ళతో, బాడిసెలతో చెక్కి ఏటా కొత్త రథం కడతారు. కాబట్టి దానికి పదిహేనేళ్ళ గొడవ లేదు, ముసలిదయ్యే యోగమే లేదు. చక్రానికి ఇరుసు రంధ్రం తొలిచే ముందు ‘నార్ ఫోడ్నీ’ అని పూజ చేస్తారు. నా ఇరుసుకి ఎవరైనా కొబ్బరికాయ కొట్టారా? దశమినాడు లాగే విజయ రథానికి ఎనిమిది చక్రాలు, బ్రేకు సున్నా. ఇంజను జనమే, అడ్డతీగ నారతో పేనిన తాళ్ళు పట్టుకుని లాగుతారు. హారన్‌కి బదులు మోహరీ బాజా. అద్దాలు లేవు, వెనక వచ్చేది ఎలాగూ జనమే. ఇంకా ఉంది వినండి. విజయదశమి రాత్రి కిలేపాల్ వైపు మాడియా ఆదివాసులు ఆ రథాన్ని దొంగిలించి కుమ్హడాకోట్‌కి లాక్కుపోతారు! నడిబజార్లో, పోలీసుల ఎదుట, ఎనిమిది చక్రాల వాహన చోరీ. ఎఫ్‌ఐఆర్ లేదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ లేదు. మర్నాడు రాజవంశపు పెద్దే వెళ్ళి, వాళ్ళతో కొత్త బియ్యం అన్నం తిని, బతిమాలి వెనక్కి తెచ్చుకుంటారు. నా స్ప్లెండర్‌ని ఎత్తుకుపోతే నేను అన్నం తినడానికి వెళ్ళను, స్టేషన్‌కి వెళ్తాను. అక్కడ ముందు ఫిట్‌నెస్ కాగితం చూపించమంటారు.

కోంటా ప్రయాణం అక్కడితో మానేసి, రెండో గేరులోనే ఊరు చేరి, పాత మిస్త్రీ దగ్గరికి తోసుకెళ్ళాను. డ్రమ్ము విప్పాడు. షూ మీద లైనర్ గోరంత మందం కూడా లేదు, ఉన్నదీ గ్రీజుకి నున్నగా మెరుస్తోంది. ఒకప్పుడు ఈయన బండి వీధి మలుపు తిరుగుతుంటేనే విని “టాపెట్ లూజయింది” అనేవాడు. వాయిదాల మీద కొన్నప్పటి నుంచీ ఈ ఇంజను ఈయన చెవిలోనే పెరిగింది. ఇప్పుడు స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని దవడ ఎముకకి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకున్నాడు. వినపడటం లేదని కొడుకు సైగ చేసి చెప్పాడు. దవడతో వింటున్నాడు. అంతసేపు ఈ బండి మీద ధ్యాస పెట్టిన మనిషి ఇంకొకడు లేడు, దాని యజమానితో సహా. ఈయన కొట్టు కట్టేస్తే దీన్ని ఎవరికి చూపించాలో నాకు తెలీదు.

“ఇంజను బాగుంది బాబూ” అన్నాడు కళ్ళు తెరిచి. కొత్త షూలు వేశాడు, కామ్ విప్పి శుభ్రం చేశాడు, నాచేత బ్రేకు తొక్కించి చూసుకున్నాడు. ఆఖర్న హారన్ కొట్టమన్నాడు. కొట్టాను. వీధి చివర పడుకున్న కుక్క లేచి అవతలికి పోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఇదీ పోయింది, మార్చేద్దాం.”

కొడుకు నా వైపు చూశాడు, నేను కొడుకు వైపు చూశాను. మార్చేయమన్నాను.