స్టీవార్డు బావ

మా అక్క మొగుడు రేసింగ్ డ్రైవరు. పగలు గచ్చిబౌలిలో టెస్టింగ్ లీడు, రాత్రి పది దాటాక మోంజాలో జీటీ3 డ్రైవరు. మోంజా ఇటలీలో ఉంది. బావ మాత్రం నిజాంపేటలో, మూడో అంతస్తులో, డబుల్ బెడ్రూం ఫ్లాటులోని రెండో బెడ్రూంలో ఉంటాడు. ఆ గదిలో పూర్వం వాళ్లమ్మగారు పడుకునేవారు. ఇప్పుడావిడ మంచం హాల్లోకి వచ్చింది. రేసు భాషలో దీన్ని ట్రాక్ పొజిషన్ పోగొట్టుకోవడం అంటారు.

దీన్ని గేమ్ అన్నవాడికి ఆ ఇంట్లో కాఫీ పుట్టదు. సిమ్యులేషన్ అనాలి. అంతగా నోరు తిరక్కపోతే సిమ్ అనాలి.

బావలాంటివాళ్లు ఇప్పుడు ప్రతి గేటెడ్ కమ్యూనిటీలోనూ ఒకరో ఇద్దరో తేలుతున్నారు. నలభైకి దగ్గరపడ్డ వయసు, ఫైబర్ కనెక్షను, ఈఎంఐ తీరిపోయిన కారు, ఈ మూడూ కలిసినచోట పుట్టుకొచ్చే జాతి ఇది. వీళ్ల నోట వినపడేవి రెండే మాటలు: రియలిజం, ఫెయిర్‌నెస్. మొదటిది తాము పడే కష్టం గురించి, రెండోది తమకు పడ్డ పెనాల్టీ గురించి.

మొదట్లో బావ ఆఫీసు కుర్చీలో కూర్చుని, బల్లకు బిగించిన స్టీరింగుతో నడిపేవాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి జారి బీరువాకు కొట్టుకునేది. దానికి విరుగుడుగా కుర్చీ చక్రాలకు పాత హవాయి చెప్పులు తొడిగాడు. ప్రపంచమంతటా సిమ్ రేసర్లు చేసే పనే ఇది, కొందరు బూట్లు కూడా తొడుగుతారు. కుర్చీకి చక్రాలు ఐదు. అంటే రెండు జతలు, పైన ఒంటి చెప్పు. ఆ ఐదోదాని జోడు పట్టుకుని అక్క చాన్నాళ్లు ఇల్లంతా వెతికింది.

తర్వాత బోనస్ వచ్చింది, అల్యూమినియం రిగ్ వచ్చింది, మోటారు నేరుగా స్టీరింగు కడ్డీకే బిగించిన డైరెక్ట్ డ్రైవ్ వీల్ వచ్చింది. కారు గోడకు తగిలితే అది మణికట్టు మెలిపెడుతుంది. లోడ్ సెల్ బ్రేకు పెడల్ కూడా వచ్చింది. మామూలు పెడల్ ఎంత దూరం దిగిందో చూస్తుంది, ఇది ఎంత బలంగా తొక్కారో చూస్తుంది. బావ బలంగానే తొక్కాడు. మోకాలు పట్టేసింది. ఎముకల డాక్టరుగారు, "ఏం చేస్తుంటారండీ, ఫీల్డ్ వర్కా?" అని అడిగితే, "ట్రెయిల్ బ్రేకింగండీ" అన్నాడట. ఆయన తల ఊపి అదే రాసుకున్నాడు.

ఇక రియలిజం సంగతి. మే నెలలో కూడా గదిలో ఏసీ వెయ్యడు. జీటీ కారు లోపల అసలు డ్రైవర్లు యాభై డిగ్రీల వేడిలో ఉడికిపోతుంటే తనకు ఏసీ ఏమిటని న్యాయం. చేతులకు గ్లవ్స్. లుంగీ మీద గ్లవ్స్. అక్క ఈ విషయంలో ఆయన్ని ఒక్క మాట అనదు, కరెంటు బిల్లు తగ్గింది మరి.

తెర మీద కారు ముందునుంచో వెనకనుంచో కనిపించే కెమెరాలు ఆయనకు నిషిద్ధం. డ్రైవరు కళ్లతోనే చూడాలి. అదీ ఉజ్జాయింపుగా కాదు, తెర ఎంత వెడల్పు, కళ్లకూ తెరకూ మధ్య ఎంత దూరం అని లెక్కగట్టి ఆ కోణమే పెట్టాలి. లెక్క ఖచ్చితంగా సరైనదే. చిక్కేమిటంటే బావకున్నది ఒక్క చిన్న తెర. సరైన కోణం పెడితే పోస్టు డబ్బా సందులోంచి వీధిని చూసినట్టుంటుంది. ఎదురుగా ఉన్నది అచ్చం నిజంలా కనిపిస్తుంది, పక్కన ఉన్నది అసలే కనిపించదు. పక్కన ఉన్నవాళ్లను బావ తరచూ గుద్దుతుంటాడు. "నిజం కారులో మాత్రం పక్కకేం కనిపిస్తుందిరా, హెల్మెట్ ఉంటుంది కదా!" అంటాడు.

ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ఆపేసి నడుపుతాడు. అసలుసిసలు మొనగాడు ఎవడి సాయమూ తీసుకోడట. ఒకసారి మా మేనల్లుడు, పద్నాలుగేళ్లవాడు, కంచంలోంచి తలెత్తకుండా, "నాన్నా, జీటీ3 కార్లకి నిజంగానే ఏబీఎస్ ఉంటుంది. ట్రాక్షన్ కంట్రోలూ ఉంటుంది. ఆపేస్తేనే అన్‌రియలిస్టిక్" అన్నాడు. వాడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బావ కాసేపు ఆలోచించి, "ముందు ఆ బెండకాయ కూర తిను" అన్నాడు.

ఇది సగం బావే. అసలు బావ రేసు అయిపోయాక మొదలవుతాడు.

ఆయన ఎక్కువగా ఆడేది ఐరేసింగ్‌లో. 2008లో జనానికి అందుబాటులోకి వచ్చిన సర్వీసు అది. పెట్టిన ఇద్దరిలో డేవ్ కెమర్ అంతకు ముందు పపైరస్ అనే కంపెనీలో రేసు గేములు చేసినవాడు. 1967 నాటి ఫార్ములా వన్ సీజన్‌ని 1998లో కంప్యూటరులోకి దించిన 'గ్రాండ్ ప్రి లెజెండ్స్' వాళ్లదే. రెండోవాడు జాన్ హెన్రీ, బోస్టన్ రెడ్‌సాక్స్ బేస్‌బాల్ జట్టు యజమాని. ఈ వంశవృక్షం బావకు తన గోత్రం కన్నా బాగా తెలుసు. అక్కడ దొంగపేర్లు కుదరవు, సొంతపేరుతోనే దిగాలి. ట్రాకులు దాదాపు అన్నీ లేజర్‌తో స్కాన్ చేసినవి. నెలనెలా చందా కట్టాలి, కార్లూ ట్రాకులూ చాలావరకు విడిగా కొనుక్కోవాలి. ఇంత కట్టాక న్యాయం కూడా ప్యాకేజీలోనే వస్తుందని బావ నమ్మకం.

అక్కడే తేడా కొట్టింది. ఐరేసింగ్ పద్ధతిలో ట్రాకు దాటితే ఒక పాయింటు, కారు అదుపు తప్పితే రెండు, ఇంకో కారును గట్టిగా తగిలితే నాలుగు. పాయింట్లు పెరిగేకొద్దీ సేఫ్టీ రేటింగ్ పడిపోతుంది, దాంతోపాటు లైసెన్సు మెట్టు కూడా దిగొచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తగిలినప్పుడు తప్పెవరిదని యంత్రం అడగదు. గుద్దినవాడికీ నాలుగే, గుద్దించుకున్నవాడికీ నాలుగే. తిలాపాపం తలా పిడికెడు. నన్నడిగితే ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. తప్పెవరిదో తేల్చడం మొదలుపెడితే రేసుకు పట్టేది ముప్పావుగంట, విచారణకు మూడు వారాలు. గుద్దుకునే చోటికి పోకుండా ఉండటం ఎవరికి వాళ్లు నేర్చుకుంటారని వాళ్ల ఉద్దేశం. బావ మటుకు ఆ చోటికే పోతాడు, ఎందుకంటే ఆ చోటు తనదని రూలు.

ఆ చోటు పేరు మోంజా మొదటి మలుపు. నిడుపాటి స్ట్రెయిట్ మీద కార్లన్నీ టాప్ గేరులో ఒకదాని వెనక ఒకటి దూసుకొచ్చి, మొదటి, రెండో గేర్లలో దూరాల్సిన ఇరుకు వంపు. ఆన్‌లైన్‌లో మొదటి ల్యాపు అక్కడ క్షేమంగా దాటినవాడు ఇంట్లో పెద్దల పుణ్యం కొద్దీ దాటినట్టు. మొన్నామధ్య నేను వెళ్లేసరికి బావ తెర ముందు మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు. రీప్లే ఆగిపోయి ఉంది. చేతిలో అక్క కుట్టుమిషన్ టేపు.

"ఏరా, సమయానికొచ్చావు. ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. తెర మీద ఎర్రకారు ముక్కు దగ్గర ఒక కొస, నీలంకారు తలుపు దగ్గర ఒక కొస.

"చూశావా? నేను మలుపు తిప్పే టైముకి వాడి ముక్కు నా డోరు దాకా రాలేదు. ఓవర్‌ల్యాప్ లేదు. లేనప్పుడు ఆ జాగా ఎవరిది?"

"నీదే బావా."

"మరి నాకెందుకు నాలుగు పాయింట్లు?"

"అవతలివాడేమంటున్నాడు?"

బావ గ్లవ్ విప్పి నుదురు తుడుచుకున్నాడు. "వాడి రీప్లేలో ముక్కు నా అద్దం దాకా వచ్చిందట. లాగ్ రా అది, లాగ్!"

ఈ రోగానికి మందు లేదు. నిజం ట్రాకు మీద రెండు కార్లుంటే రెండే కార్లు. ఆన్‌లైన్‌లో నా కారు నా యంత్రంలో ఉంటుంది, నీ కారు ఎక్కడుందన్న కబురు సముద్రాలు దాటి కాస్త ఆలస్యంగా నాకు చేరుతుంది. ఆ సందులో నా యంత్రం నీ కారు ఈపాటికి ఇక్కడుంటుందని ఊహించి బొమ్మ గీస్తుంది. నీ యంత్రం నా గురించి అదే పని చేస్తుంది. రెండు ఊహలూ అడుగో రెండడుగులో తేడా వస్తే, నా తెరమీద రాసుకున్న కార్లు నీ తెరమీద ఎడంగా పోతాయి. ఇద్దరూ రీప్లేలు తెస్తారు. ఇద్దరివీ అబద్ధం కావు. ఎవడి రీప్లేలో వాడు నిర్దోషి.

పైగా ఫిర్యాదు చెల్లాలంటే అవతలివాడు కావాలని గుద్దాడని చూపించాలి, పొరపాటుకు చెల్లదు. అందుకని బావ రాసే పిటిషన్లలో సదరు డ్రైవరు మనోగతం మీద ఒక పేరా తప్పకుండా ఉంటుంది. ఆ రోజు మోంజాలో తగిలిన బెల్జియం కుర్రాడి మనసు బావకు తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలిసుండదు.

అసలు రేసింగ్ మీద బావకు భక్తి ఎక్కువ. ఆ భక్తికి రెండుసార్లు దెబ్బ తగిలింది. మొదటిది 2022 అక్టోబరులో, అమెరికాలోని మార్టిన్స్‌విల్‌లో. గోడకు కారును ఆనించి యాక్సిలరేటరు వదలకుండా మలుపు తిరగడం గేమ్ వేషం, చవకబారు పని అని కొడుక్కి ఏళ్లతరబడి చెప్పుకొచ్చాడు. ఆ రోజు నాస్కార్ రేసు చివరి ల్యాపులో రాస్ చాస్టెయిన్ అచ్చం అదే చేశాడు. గోడ వెంట రాసుకుంటూ ఐదు కార్లను దాటి, చాంపియన్‌షిప్ ఫైనల్లోకి వెళ్లిపోయాడు. చిన్నప్పుడు గేమ్‌క్యూబ్‌లో నాస్కార్ గేమ్ ఆడుతూ నేర్చుకున్నానని తనే చెప్పాడు. మరుసటి ఏడు నుంచి ఆ పని చేస్తే పెనాల్టీ అని నాస్కార్ తేల్చిచెప్పింది గానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మేనల్లుడు ఆ వీడియో టీవీలో పెట్టి, తండ్రి అటుగా వెళ్లినప్పుడల్లా మళ్లీ మొదట్నుంచి వేశాడు.

రెండోది మనూళ్లోనే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. బావ టికెట్టు కొని, టోపీ కొని వెళ్లాడు. హెయిర్‌పిన్ దగ్గర జాగ్వార్ డ్రైవరు శామ్ బర్డ్ లోపలివైపు నుంచి దూసుకొచ్చి కారు గుద్దాడు. ఎవరిది? సొంత జట్టువాడైన మిచ్ ఎవాన్స్‌ది! ప్రపంచ స్థాయి డ్రైవరు, లాగ్ లేదు, పింగ్ లేదు, చిన్న తెర అంతకన్నా లేదు. పక్కసీటాయన అయ్యయ్యో అంటుంటే బావ లేచి నిలబడి, "ఇదేం రియలిజమండీ!" అని అరిచాడు. సాయంత్రానికి మాత్రం కుదుటపడ్డాడు. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీకి, వాడాల్సినదానికన్నా ఎక్కువ పవర్ వాడాడని తర్వాత పెనాల్టీ వేసి, పోడియం స్థానం లాగేశారు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడన్న సంగతి బావ మర్నాటిదాకా చెప్పనేలేదు. పెనాల్టీ గురించే చెప్పాడు.

ఆ ఊపులోనే తెలుగువాళ్ల లీగు పెట్టాడు. హైదరాబాదులో శనివారం రాత్రి. డాలస్‌వాళ్లకు పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపే టైము, మెల్‌బోర్న్‌వాళ్లకు తెల్లవారుజాము. చీఫ్ స్టీవార్డు బావే. గొడవలో ఉన్న డ్రైవరు తీర్పు ప్యానెల్లో కూర్చోకూడదని రూలు కూడా తనే రాశాడు, కానీ బావ లేని గొడవ ఇంతవరకూ రాలేదు. కరెంటు పోతే రేసు పోయినట్టే, మళ్లీ చేరే దారి లేదన్నది ఇంకో రూలు. 2023 జనవరిలో ఆన్‌లైన్ ల మాన్స్ 24 గంటల రేసులో ముందంజలో ఉన్న ఫార్ములా వన్ డ్రైవరు వెర్స్టాపెన్‌కే కనెక్షను తెగిపోయింది, ఆయన దాన్ని బఫూన్ల షో కింద జమకట్టి తిట్టిపోశాడు, మనమెంత అంటాడు.

అన్నిటికన్నా కఠినమైన రూలు ప్రాక్సీ మీద. దానికి బావ చూపించే కేసు డానియల్ ఆప్ట్‌ది. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, ఫార్ములా ఈ వాళ్లు పెట్టిన ఆన్‌లైన్ రేసులో ఈయన అలవాటుకు విరుద్ధంగా మూడోస్థానంలో వచ్చాడు. వీడియోలో మొహం సరిగ్గా కనపడలేదు. తీగ లాగితే, తన బదులు ఒక ప్రొఫెషనల్ సిమ్ రేసర్ చేత నడిపించాడని తేలింది. పదివేల యూరోలు ధర్మకార్యానికి కట్టించారు. ఆడీ వాళ్లు అసలు రేసు జట్టులోంచే సాగనంపారు. ఈ కథ చెప్పేటప్పుడు బావ గొంతు పురాణం చెప్పేవాళ్ల గొంతులా మారిపోతుంది.

పోయిన రౌండులో క్వాలిఫయింగ్ టైముకి ఆయనకు ఆఫీసు కాల్ వచ్చింది. కాల్ ముగించి రిగ్‌లో కూర్చునేసరికి తన పేరు నాలుగోస్థానంలో ఉంది. జన్మలో ఎప్పుడూ పన్నెండు దాటి పైకి రాని పేరు. రేసులో అక్కణ్నుంచి పందొమ్మిదికి దిగాడు. మర్నాడు డాలస్ నుంచి ఫిర్యాదు వచ్చింది. వీడియో కాల్‌లో విచారణ. సాక్షిగా మేనల్లుడు.

"చెప్పమ్మా, నాన్న ప్లేసులో ఎవరైనా నడిపారా?" అన్నాడు డాలస్ ఆయన.

"క్వాలిఫయింగ్ నేను చూళ్లేదంకుల్" అన్నాడు వాడు, తండ్రివైపు చూడకుండా. "రేసు మాత్రం నాన్నే నడిపారు. రీప్లే చూడండి, మీకే తెలుస్తుంది."

మెల్‌బోర్న్ నుంచి దగ్గు వినిపించింది. నవ్వే అయ్యుంటుంది.

చీఫ్ స్టీవార్డు హోదాలో బావ తీర్పు చదివాడు: ఎండ్యూరెన్స్ రేసుల్లో డ్రైవర్లు మారడం మామూలే అయినా, ముందుగా పేరు నమోదు చేయలేదు కనుక ఇది సాంకేతిక లోపం. జరిమానా పదివేలు. పదివేలన్న మాట వినపడగానే వంటింట్లోంచి అక్క వచ్చి కెమెరా ముందు నిలబడింది. జరిమానా నూట పదహారుకు తగ్గింది, చిలుకూరు బాలాజీ హుండీలో వెయ్యాలి.

ఆ నూట పదహారు మీద డ్రైవరు హోదాలో బావ అప్పీలు వేశాడు. వచ్చే ఆదివారం వాయిదా. జడ్జి ఆయనే.