‘సెల్‌ఫోన్ వాడరాదు’: టీకా, తాత్పర్యం

మూలం

వాహనం నడుపునప్పుడు సెల్‌ఫోన్ వాడరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.

అవతారిక

కూడళ్ళలో, సినిమా పోస్టర్లు సగం కప్పేసిన బోర్డుల మీద దర్శనమిచ్చే ఈ వాక్యద్వయానికి ఆకరం 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 184వ సెక్షన్. ప్రమాదకరమైన డ్రైవింగును అది నిషేధించిందే గాని, సెల్‌ఫోన్ ఊసెత్తలేదు. ఇది సూత్రకారుల దోషం కాదు. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు చేశారు. పుట్టని వస్తువును నిషేధించడం ఋషులకు చెల్లుతుందేమో, శాసనకర్తలకు చెల్లదు. ఆ కొరతను 2019 సవరణ తీర్చింది. ఫోను చేత పట్టి బండి నడపడమూ ప్రమాదకర డ్రైవింగేనని వివరణ చేర్చి, తొలి తప్పుకు వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నది.

ప్రతిపదార్థం

వాహనం = స్కూటరు మొదలు లారీ వరకు గల బండిని; నడుపునప్పుడు = రోడ్డు మీద తోలుచున్నంతసేపు (సిగ్నల్ దగ్గర ఆగిన సమయం ఇందులోకి రాదని జనవ్యాఖ్య; పచ్చలైటు పడ్డాక వెనకనుంచి మోగే హారన్లే దానికి ఖండనం); సెల్‌ఫోన్ = హెల్మెట్‌కూ చెంపకూ నడుమ దోపబడు పరికరమును; వాడన్ = మాట్లాడుట, చూచుట, ‘దారిలో ఉన్నా, రెండు నిమిషాల్లో వస్తా’ అని ఒంటి బొటనవేలితో వాట్సాప్‌లో కొట్టుట మొదలగునవి చేయుటకు; రాదు = కూడదు; అతిక్రమించినవారు = నంబరు ప్లేటుతో సహా కెమెరాకు చిక్కినవారు; శిక్షార్హులు = శిక్షకు తగినవారు. తగినవారే గాని, పొందినవారు కారని గ్రహించునది.

విశేషాలు

చట్టం ‘చేతిలో’ అన్నది కనుక, హెల్మెట్‌లో దోపిన ఫోనుకు దోషం అంటదని యువతార్కికుల వాదం. చేయి ఖాళీయే, తల ఖాళీ లేదు. ఆఫీసులో గొడవ వింటున్నవాడికి ఎదురుగా దాటుతున్న ముసలమ్మ ఆలస్యంగా కనబడుతుంది. 2020 అక్టోబరు 1 నుంచి, ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడవచ్చునని నియమాల్లో అపవాదం చేరింది. మ్యాపు మీదికి జారివచ్చే మెసేజీని తెరవకుండా వేలిని ఆపే నియమం మాత్రం ఇంకా రాలేదు.

‘రాదు’ తరువాత ‘పోలీసు కనబడితే’ అన్న మాటను పాఠకులు అధ్యాహారం చేసుకుంటున్నారు. ఇందుకు ఊతం సర్కారే ఇచ్చింది. తెలంగాణలో బకాయి చలాన్ల మీద ద్విచక్ర వాహనదారులకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ప్రకటించారు. ఆషాఢం సేల్ దాకా ఆగి చీర కొన్నట్టు, ఆగి కట్టినవాడు బాగుపడ్డాడు. చలాను వచ్చిననాడే కట్టిన బుద్ధిమంతుడు నిండు ధర చెల్లించాడు.

పూర్వపక్షం

అయితే ఇటువంటి చట్టాలు వ్యర్థమే కదా? అమెరికాలో నాలుగు రాష్ట్రాలు టెక్స్టింగ్‌ను నిషేధించాక వాహన బీమా క్లెయిములు తగ్గలేదని అక్కడి హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 2010లో తేల్చింది. పోలీసుల కంట పడకుండా ఫోనును ఒళ్ళోకి దించి, చూపునూ దానితోపాటు దించడమే కారణం కావచ్చునని ఊహించింది.

సిద్ధాంతం

వ్యర్థం కాదు. అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో 2014లో వచ్చిన పరిశోధన ఈ చట్టాలను రెండుగా విడదీసి చూసింది. టెక్స్టింగ్ ఒక్కదానికే బండి ఆపే అధికారం పోలీసుకు ఉన్నచోట రోడ్డు మరణాలు సుమారు 3 శాతం తగ్గాయి. వేరే తప్పు దొరికితే తప్ప ఆపరాదన్నచోట చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. కాబట్టి మందులో లోపం లేదు, వేసే మోతాదులోనే ఉంది.

తాత్పర్యం

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అయిదు సెకన్లు మెసేజీ చూస్తే 80 మీటర్లకు పైగా చూడకుండా నడిపినట్టే. ఈ లెక్క తెలియని చోదకుడు లేడు. దొరుకుతానన్న భయం ఉన్న చోదకుడే అరుదు. జరిమానా అయిదు వేలని రాసి ఎప్పుడో ఒకసారి పట్టుకోవడం కన్న, వెయ్యే అయినా తప్పు చేసిన ప్రతిసారీ రాయితీ లేకుండా వసూలు చేయడం మేలని భావం.

ఫలశ్రుతి

ఈ టీకను ఇంట్లో కూర్చుని చదివినవారికి వివేకం, బండి పక్కకు ఆపి చదివినవారికి ఆయుష్షు కలుగును. నడుపుతూ చదువుతున్నవారికి ఫలమేమీ లేదు, ముందు ఫోను జేబులో పెట్టండి.