ఇండికా మేష్టారి పద్దులు

ఇండికా మేష్టారు బయల్దేరారంటే వీధి చివరింట్లో నిద్రపోతున్న వాళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఆయన బడిపంతులే కానక్కర్లేదు. బ్యాంకు గుమాస్తా కావచ్చు, ఇరిగేషన్‌లో సూపరింటెండెంటుగా రిటైరై ఉండొచ్చు. ఆయన వయసు అరవై దాటుతుంది, బండి వయసు పదిహేను దాటుతుంది. ఇలాంటి మేష్టారు ప్రతి కాలనీకీ ఒకరుంటారు. మన మేష్టారిది విజయవాడ.

1998 చివర్లో మార్కెట్లోకొచ్చిన ఇండికాని ఆయన 2007లో కొన్నారు. అందులోనూ 1405 సీసీ డీజిలుది. డీజిలు చవక, అంతకన్నా కారణం అక్కర్లేకపోయింది. 2012 మే నెలలో పెట్రోలు ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ఢిల్లీలో లీటరుకి పెట్రోలుకూ డీజిలుకూ ముప్ఫై రూపాయల పైన తేడా వచ్చింది. మేష్టారికి అది స్వర్ణయుగం. పెట్రోలు కారున్న తోడల్లుడింటికి పనిగట్టుకుని వెళ్ళొచ్చేవారు. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిలు ధర మీద అదుపు వదిలేసింది. ఆ తేడా అంతకుముందు నుంచే కరుగుతూ వచ్చింది. మేష్టారి మాటల్లో మాత్రం ఇప్పటికీ ముప్ఫయ్యే.

డాష్‌బోర్డు అరలో ఒక డైరీ ఉంటుంది. ట్యాంకు నింపించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కిలోమీటర్లు, మైలేజీ గుండ్రటి అక్షరాలతో అందులోకి ఎక్కుతాయి. రిపేరు బిల్లులకి ఆ డైరీలో ప్రవేశం లేదు. అవి డిక్కీలో, జాకీ పక్కన పాలిథిన్ కవర్లో ఉంటాయి. ఒక్క బండిలోనే ఇన్నేళ్ళుగా తిరుగుతున్నా ఈ రెండు పద్దులకీ ముఖపరిచయం లేదు.

చలికాలం పొద్దున బండి తీయడం ఒక తంతు. తాళం సగం తిప్పితే మీటర్ల దగ్గర స్ప్రింగు బొమ్మ పసుపుగా వెలుగుతుంది. సిలిండరుకొకటి చొప్పున నాలుగు హీటర్ ప్లగ్గులు లోపల వేడెక్కుతున్నాయన్నమాట. ఆ దీపం ఆరాక సెల్ఫ్ కొట్టాలి. నాలుగింట్లో ఒకటి పోయిందంటే ఇంజిను చలిజ్వరం వచ్చినట్టు వణికి, ఇంత తెల్లపొగ వదిలి, కాసేపటికి కుదుటపడుతుంది.

“సెట్టు మార్చేద్దాం మేష్టారూ,” అన్నాడు మెకానిక్ భాయ్.

“పోయింది ఒకటే కదా భాయ్! తక్కిన మూడూ ఏం పాపం చేశాయి?” అన్నారు మేష్టారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయేలోగా ఆ మూడూ వరసగా పోయాయి. నాలుగు ప్లగ్గులకి నాలుగుసార్లు మజూరీ అయింది. మజూరీకి బిల్లుండదు కాబట్టి ఆ డబ్బు డైరీలోకీ వెళ్ళలేదు, కవర్లోకీ వెళ్ళలేదు.

అలాగని ఆయనకి బండి తెలియదనుకోకూడదు. పొగ చూసి జబ్బు చెప్పడంలో అందెవేసిన చెయ్యి. నల్లపొగయితే గాలి చాలడం లేదు, ముందు ఎయిర్ ఫిల్టరు చూడమంటారు. నీలిపొగయితే రింగులు అరిగి ఆయిలు కాలిపోతోందంటారు. ఇంజిను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే గాస్కెట్ పోయి కూలెంటు లోపలికి దిగుతోందేమోనని కంగారు పడతారు. బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర ముందాగిన లారీకి కూడా ఈ వైద్యం ఉచితం. డ్రైవరు వినిపించుకోకపోతే, కిందికి దిగి మరీ చెప్పొస్తారు.

ఆటోనగర్లో ఆయన పాటించే సూత్రం ఒకటుంది. రబ్బరు కొత్తది కొనాలి, ఇనుము పాతది కొనాలి. బుష్షులు, హోసులు, బెల్టులు కంపెనీవే వేయిస్తారు. తలుపులు, బంపరు బ్రాకెట్లలాంటివి పాత బళ్ళు విప్పి అమ్మే కొట్లలో వెతుకుతారు. 2018లో ఇండికా తయారీ ఆగిపోయిందని విని ఒక పూట అన్నం మానేశారు గానీ, దేశమంతా టాక్సీలుగా తిరిగిన బండికి సామాన్ల కరువేమిటని భాయ్ ధైర్యం చెప్పాడు. ఒక్క టైమింగ్ బెల్టు దగ్గర మాత్రం ఆయన బేరమాడరు. అది నడుస్తుండగా తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుంటాయి, హెడ్డు విప్పాల్సిందే. గడువు రాకముందే మార్పించి, పాత బెల్టుని పెరట్లో జామచెట్టుకి కట్టేస్తారు.

టాక్సీ పోలిక వల్ల ఒక చిక్కుంది. తెల్ల ఇండికా కనిపిస్తే చాలు, వారధి దగ్గర నిలబడ్డ జనం చెయ్యెత్తుతారు. “గుంటూరుకి మనిషికెంత?” అనడిగితే మొదట్లో మేష్టారికి పౌరుషం వచ్చేది. ఒకరోజు ముసలి దంపతులు అడక్కుండానే ఎక్కి కూర్చుని, మంగళగిరిలో దిగి, వద్దంటున్నా యాభై రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ యాభై మాత్రం డైరీలోకి ఎక్కింది, ఆదాయం కింద.

ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశించినప్పుడు, ఆంధ్రాలో పుట్టడం తన బండి చేసుకున్న పుణ్యమన్నారు. పుణ్యానికీ ఖర్చుంటుంది. పదిహేనేళ్ళు నిండిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది 2022 ఏప్రిల్ 1న. మేష్టారి గడువు ఆ మే నెల. ఫీజు కట్టి, దీపాలన్నీ వెలిగేలా చేసి, బ్రేక్ ఇనస్పెక్టరు ముందు బండి నిలబెట్టారు. ఐదేళ్ళు పొడిగించారు. “చూశావా, గవర్నమెంటే ఐదేళ్ళు గ్యారంటీ ఇచ్చింది!” అన్నారు ఇంటికొచ్చి, ఫీజు ఊసెత్తకుండా.

మొన్నొక కుర్రాడు డ్రైవింగు నేర్చుకోడానికి పాత బండి కావాలంటూ వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి నలభై వేలిస్తానన్నాడు. అమ్మే ఉద్దేశం మేష్టారికి లేకపోయినా, ఆ అంకె వినేసరికి ఒళ్ళు మండింది. డిక్కీ తీసి కవరు పట్టుకొచ్చి వరండాలో బల్ల మీద గుమ్మరించారు.

“నలభయ్యా! నాలుగు టైర్లూ నిరుడు వేయించినవి, పదహారు వేలు. ఇదిగో పంపూ నోజిళ్ళూ క్యాలిబ్రేషను, పదకొండు వేలు. హాఫ్ ఇంజిను పని ముప్ఫై ఎనిమిది వేలు! క్లచ్ సెట్టు వేరే. రేడియేటరు...”

వంటింట్లో మిక్సీ ఆగింది. మేష్టారి భార్య రెండు గ్లాసులతో కాఫీ తెచ్చి ఒకటి కుర్రాడికిచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“హాఫ్ ఇంజిను ఎప్పుడు చేయించారండీ? మా అన్నయ్య కూతురి పెళ్ళప్పుడు ఆయిలు మార్పించానన్నారు, అప్పుడా?”

మేష్టారు బిల్లులు గబగబా కవర్లోకి తోస్తూ కుర్రాడి వైపు తిరిగారు. “బండి అమ్మడం లేదు బాబూ, నువ్వెళ్ళు.”

“కూర్చో నాయనా, కాఫీ తాగు,” అందావిడ. “ఆయన ఇంకా రేడియేటరు దగ్గరే ఉన్నారు. మిగతావి కూడా చెప్పనీ.”