పరిశోధన దాతా సుఖీభవ!

టెలికాం పరిశోధన కోసం సర్కారూ, కంపెనీలూ, విద్యాసంస్థలూ కలిసి చేసిన కాపురాన్ని మెచ్చుకోవడానికి మా హోసూరు సీమవాళ్ళకంటే తగినవాళ్ళు దొరకరు. కెలవరపల్లి డ్యాము దగ్గర తమిళనాడు పొలిమేర దాటితే బెంగళూరు. అక్కడ మావాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్‌సీ. ఇటు మా కృష్ణగిరి జిల్లాలోనే ఐఫోన్ల పైడొప్పలు చేసే టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ. ఫోను పుట్టింటికి ఇంత దగ్గరి చుట్టాలం కనుకే, ఫోనొస్తే మిద్దెక్కి మాట్లాడతాం. బెంగళూరు నుంచి ఏ అంతరాయమూ లేకుండా మాకు అందేది దక్షిణ పినాకిని నదిలో కొట్టుకొచ్చే మురుగు నురగ ఒక్కటే. దానికి టవరూ వద్దు, రీఛార్జీ వద్దు. వానొచ్చిన రోజైతే స్పీడు ఇంకా పెరుగుతుంది.

2007-08 ప్రాంతంలో కేంద్ర టెలికాం శాఖవారికి దివ్యమైన ఆలోచన వచ్చింది. ఏడు విద్యాసంస్థలను, ఏడు ఫోను కంపెనీలను ఎంచి, జాతకాలు కలిపి, టెలికాం సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్ అనే పేరుతో పెళ్ళిళ్ళు చేశారు. ఖరగ్‌పూర్ ఐఐటీకి వొడాఫోన్ ఎస్సార్, ఢిల్లీకి ఎయిర్‌టెల్, బొంబాయికి టాటా టెలీసర్వీసెస్, మద్రాసుకు రిలయన్స్ కమ్యూనికేషన్స్, కాన్పూరుకు బీఎస్ఎన్ఎల్, అహ్మదాబాద్ ఐఐఎంకు ఐడియా, మా పొరుగున ఉన్న ఐఐఎస్‌సీకి ఎయిర్‌సెల్.

సంబంధాలు చూసిన పెద్దల దూరదృష్టికి దండం పెట్టాలి. మనలాంటి మొరటువాళ్ళైతే స్విచ్చులో రేడియోలో తయారుచేసే కంపెనీని వెతికేవాళ్ళం, ల్యాబులో పుట్టింది రేపు సరుకు కావాలి కదా అని. వారు మాత్రం పరికరాలన్నీ ఎరిక్సన్ దగ్గరా, నోకియా దగ్గరా, హువావే దగ్గరా కొని తెచ్చుకునే ఆపరేటర్లను ఏరికోరి తెచ్చారు. ఫలితంతో పనిలేనివాడు కాక నిష్కామంగా ఎవడివ్వగలడు? సర్కారు ఉదారత కూడా తక్కువది కాదు. 2010లో 3జీ వేలంతో దాదాపు 67,700 కోట్ల రూపాయలు ఖజానాకు చేర్చుకుని, కంపెనీల జేబుల అడుగున మిగిలిన చిల్లర మొత్తం విజ్ఞానానికే వదిలేసింది.

దాతలందరిలో నా ఓటు ఎయిర్‌సెల్‌కే. ఐఐఎస్‌సీతో కలిసి ఆ కంపెనీ నెత్తికెత్తుకున్న విషయం సమాచార భద్రత, విపత్తుల నిర్వహణ. అంటే టెలికాం వ్యవస్థకు ఆపద వస్తే ఏం చేయాలన్నది. చాలా కంపెనీలు ఇలాంటివాటికి ఒక సెమినారు పెట్టి, సమోసాలు పంచి ఊరుకుంటాయి. తమిళనాట పుట్టి పెరిగిన ఎయిర్‌సెల్ అలా చేతులు దులుపుకోలేదు. 2018 ఫిబ్రవరిలో రాష్ట్రమంతటా ప్రయోగం చేసి చూపించింది. టవర్లు మూగబోయాయి. బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే, గ్యాసు బుకింగు ఆ నంబరుకే. పోనీ వేరే కంపెనీకి మారదామంటే 1900కు మెసేజ్ పంపాలి, ఎనిమిదక్షరాల కోడు రావాలి. సిగ్నల్ లేని సిమ్ నుంచి మెసేజ్ పోవాలి, సిగ్నల్ లేని ఆ సిమ్‌కే కోడు రావాలి! ఇంత లోతైన సమస్యను ఏ ప్రొఫెసరు ప్రశ్నపత్రంలో ఇచ్చాడు? షోరూముల ముందు జనం బారులు తీరి నేర్చుకున్నారు. ఆ వెంటనే కంపెనీ దివాలా అర్జీ పెట్టుకుంది. గురువంటే అలా ఉండాలి, పాఠం కాగానే తరగతి విడిచి వెళ్ళిపోవాలి.

మిగతా దాతలూ తమ విషయాలకు అంతే కట్టుబడ్డారు. రిలయన్స్ కమ్యూనికేషన్స్‌ది టెలికాం వసతులు, ఇంధనం. 2017 చివరికి మొబైల్ సేవలు ఆపేసి టవరు కరెంటు ఖర్చును సున్నాకు తెచ్చింది. పల్లెల టెలికాం చూసుకోవలసిన టాటా టెలీ తన మొబైల్ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్ చేతిలో పెట్టి సన్యసించింది. ప్రైవేటు పీట మీద సర్దుకుని కూర్చున్న సర్కారు కంపెనీ బీఎస్ఎన్ఎల్‌కు కేంద్రం 2019లో, 2022లో, 2023లో ప్యాకేజీలిచ్చి ఊపిరి పోసింది. ఖరగ్‌పూర్ అల్లుడూ అహ్మదాబాద్ అల్లుడూ 2018లో కలిసి ఒకే మనిషయ్యారు. ఆ మనిషి బాకీలు కట్టలేకపోతే సర్కారు వాటిని వాటాలుగా మార్చుకుని 2025 నాటికి దాదాపు సగం కంపెనీకి యజమాని అయింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమంటే ఇంతకన్నా గాఢంగా ఏ దేశంలో ఉంది?

విద్యాసంస్థలను పొగడకపోతే పాపం. నిజానికి 1990లలో మద్రాసు ఐఐటీ ఒక తప్పు చేసింది. కార్‌డెక్ట్ అని తీగ లేని ఫోను వ్యవస్థ తయారు చేసింది, అది పనిచేసింది, విదేశాలకూ వెళ్ళింది. తయారుచేసి అమ్ముకునే మైడాస్ లాంటి కంపెనీ మొదటి నుంచీ పక్కన ఉండడం వల్ల జరిగిన అపచారమది. ఆ పొరపాటు అలవాటు కాకుండా చూసుకోవడంలో తర్వాతి వ్యవస్థ కృషి మరువలేనిది.

కందిలోని హైదరాబాద్ ఐఐటీవాళ్ళ విషయం చూడండి. నగరం పక్కన కూర్చుని మద్రాసు ఐఐటీ, సీవిట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళతో కలిసి పల్లెటూరి కష్టం ఏమిటో ఆలోచించారు. టవరు మాట ఫోనుకు వినిపిస్తుంది గాని, చిన్న బ్యాటరీతో బతికే ఫోను మాట టవరుదాకా పోదు. అందుకని అదే ఫోను ఇంకాస్త గట్టిగా పలికేలా తరంగాన్ని మలిచారు. టవరుకూ టవరుకూ మధ్య 6 కిలోమీటర్ల ఎడమున్నా సాగాలని లెక్క. దానికి 5జీఐ అని పేరు. 2020 నవంబరులో అంతర్జాతీయ టెలికాం సంఘం సరేనంది. మన కంపెనీలు మాత్రం వద్దన్నాయి. వేరే ప్రమాణమైతే పరికరాలు మార్చాలి, ఫోన్లు మార్చాలి, ఖర్చు అన్నాయి. (అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ ముక్క మొదట్లోనే కలిసి కూర్చుని తేల్చుకోవడానికే కదా ఈ భాగస్వామ్యాలు!) చివరికి 5జీఐ ప్రపంచ 5జీ ప్రమాణం 17వ విడతలో కలిసిపోయింది. మిద్దె మీద నిలబడ్డ మావాళ్ళకు ఈ గౌరవం సంగతి ఇంకా తెలియదు. చెబుదామంటే లైను దొరకడం లేదు.

పైసల విషయంలో పొదుపు కూడా కొనియాడదగ్గదే. ఐఐటీలూ ఐఐఎస్‌సీ కలిసి కట్టిన 5జీ పరీక్షా వేదికకు కేటాయించింది 224 కోట్లు. 2022 వేలంలో వచ్చింది 1,50,173 కోట్లు. కంపెనీల ఆదాయంలో 5 శాతం సార్వత్రిక సేవా నిధికి పోవాలన్న నియమం 2002 నుంచీ ఉంది. అందులో వేల కోట్లు ఏ పరిశోధకుడి కంటా పడకుండా భద్రంగా దాచారు. ఇరవై ఏళ్ళకు, 2022లో, ఆ వసూళ్ళలో 5 శాతం పరిశోధనకని విడదీశారు. అయిదులో అయిదు శాతం! ఆ మరుసటి ఏడు వచ్చిన టెలికాం చట్టంతో నిధి పేరే డిజిటల్ భారత్ నిధి అయింది. పేరు మార్పు మాత్రం బాకీ పడకుండా జరిగింది.

ఇప్పుడు 6జీ ముహూర్తం. 2023 మార్చిలో భారత్ 6జీ దార్శనిక పత్రం వచ్చింది, ఆ అక్టోబరులో వంద విద్యాసంస్థలకు 5జీ ల్యాబులిచ్చారు, మళ్ళీ ఒప్పంద పత్రాలు, మళ్ళీ శాలువాలు. కొత్త సంబంధాలు చూస్తున్న పెద్దలకు కెలవరపల్లి నుంచి ఒకటే మనవి. పరిశోధన కేంద్రం గుమ్మం మీద దాత పేరు ఇత్తడి అక్షరాలతో పోత పోయించకండి. పెయింటుతో రాయించండి, అదీ ఒక్క కోటు చాలు.