కష్టార్జితం

"ఉన్నది అమ్మా, నేనూ. మూడో మనిషే లేనిచోట వీలునామా ఎందుకురా?" అనేది అక్క.

సొంత అక్క కాదు. నోయిడాలో మా ఎదురు ఫ్లాటు. వాళ్లది తెనాలి పక్క పల్లెటూరు. పెళ్లైన ఆరు నెలలకే భర్త స్కూటరు ప్రమాదంలో పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే మరిది ఆవిడ ట్రంకుపెట్టె తెచ్చి వీధి అరుగు మీద పెట్టాడట. అక్కణ్ణుంచి పుట్టిల్లు, ఆగిపోయిన చదువు, చివరికి సెక్టార్ 62లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇరవై ఏళ్లలో అత్తారింటి నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు.

ఫ్లాటు కొనేటప్పుడు, తండ్రి తర్వాత అక్క వాటాకి వచ్చిన ఎకరం అమ్మేద్దామన్నారు వాళ్లమ్మగారు. నేను పిన్నిగారూ అని పిలుస్తాను. అక్క ఒప్పుకోలేదు. "నాన్న పొలం జోలికెళ్లొద్దు. ఇల్లు నా జీతంతోనే" అంది. పదిహేనేళ్ల లోను పదేళ్లలో తీర్చి, బ్యాంకు నుంచి కాగితాలు విడిపించుకొచ్చిన రోజు మా అంతస్తు అంతటికీ పూతరేకులు పంచింది. పక్కింటి శర్మాజీ భార్య అవి కాగితాలనుకుని ఒలవబోయింది.

వీలునామా మాట నేనే అప్పుడప్పుడు కదిపేవాణ్ణి. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి వాళ్లచేతా పెట్టిస్తే సరి. రిజిస్ట్రేషన్ మన ఇష్టం. ప్రొబేట్, అంటే వీలునామాకి కోర్టు ఆమోదం, అనగానే జనం బెదిరిపోతారుగానీ, అది తప్పనిసరన్న నిబంధన కలకత్తా, మద్రాసు, బొంబాయిల కోసం బ్రిటిష్‌వాళ్లు పెట్టుకున్నది. నోయిడాకి ఏనాడూ వర్తించలేదు. ఇంత చెప్పినా అక్క నవ్వేసేది. బ్యాంకులో, బీమాలో, సొసైటీలో, అన్నిచోట్లా అమ్మే నామినీ. ఇంకేం కావాలి?

2021 ఏప్రిల్. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఘాజియాబాద్ దాకా తిరిగి నేను వెనక్కొచ్చేసరికి అక్క లేదు.

పొలం ఏ పేచీ లేకుండా పిన్నిగారికి వచ్చింది. పేచీ అంతా ఫ్లాటుతోనే. నోయిడాలో అథారిటీ ఇచ్చే నేల 90 ఏళ్ల లీజు మీద ఉంటుంది, మనిషి పోతే పేరు మార్చాల్సిందీ వాళ్లే. సెక్టార్ 6లో వాళ్ల ఆఫీసుకి వెళ్తే, ఫైల్లో అప్పటికే ఒక అభ్యంతరం ఉంది. "కీర్తిశేషురాలైన మా వదినగారికి నేనే చట్టబద్ధ వారసుణ్ణి." కింద మరిది సంతకం.

లాయరు చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. నామినీ అంటే సొమ్ము అందుకుని అసలు వారసులకి అప్పజెప్పాల్సిన మనిషేనని 1983లోనే ఒక ఎల్‌ఐసీ పాలసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ వారసులెవరో చెప్పేది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. కొడుకు వీలునామా రాయకుండా పోతే తల్లి మొదటి వరుసలోనే ఉంటుంది. పెళ్లైన కూతురు పోతే 15వ సెక్షన్ ప్రకారం ముందు భర్తా పిల్లలూ, వాళ్లు లేకపోతే భర్త వారసులు. కన్నవాళ్లు ఆ తర్వాతే. ఓంప్రకాశ్ వర్సెస్ రాధాచరణ్ కేసులో 2009లో జరిగిందీ ఇదే. పెళ్లైన మూడు నెలలకే భర్త పాము కాటుకి పోతే అత్తవారు గెంటేసిన మనిషి, పుట్టింట చదువుకుని సంపాదించుకున్న సొమ్ము ఆ భర్త అక్కచెల్లెలి కొడుకులకి పోయింది. జాలితో చట్టం మారదంది సుప్రీంకోర్టు.

"ఒక్కటే సందు. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తయితే పుట్టింటికి తిరిగెళ్తుంది. ఆ పొలం డబ్బు ఇందులో ఏ కాస్త పడినా, ఆ మేరకైనా వాదిస్తాను" అన్నాడు లాయరు.

పిన్నిగారికి తెలుగులో విడమరిచి చెప్పాను. కన్నతల్లికన్నా మరిది దగ్గరివాడన్న మాట ఆవిడ చెవికెక్కలేదు. "కోర్టులో నిజం చెబితే చాలదూ నాన్నా?" అన్నారు.

సూరజ్‌పూర్ జిల్లా కోర్టు. ఆవిడకి హిందీ రాదు కాబట్టి జడ్జిగారి అనుమతితో నేను దుబాసీని. మరిది తరఫు లాయరు ఒక్కటే ప్రశ్న వేశాడు. ఫ్లాటు కొన్న సొమ్ములో తండ్రి ఆస్తిది ఏమైనా ఉందా?

తెలుగులో అడిగాను. పిన్నిగారు కొంగు సర్దుకుని, బోనులో నిటారుగా నిలబడ్డారు.

"ఒక్క రూపాయి లేదు నాన్నా. అంతా నా బిడ్డ రెక్కల కష్టం. గట్టిగా చెప్పు, అదిగో, ఆ మూల కూర్చున్న మరిదికి కూడా వినపడాలి."